ఎడిటింగు కంప్యూటరు

ఎడిటింగు కంప్యూటరు అనగా ఛాయాచిత్రాలను దిద్దడానికి, వీడియోలను కూర్చడానికి అనువుగా ఎంపిక చేసి అమర్చుకొన్న డెస్క్‌టాప్ కంప్యూటరు. ఇది ప్రత్యేకమైన జాతి యంత్రమేమీ కాదు. మామూలు డెస్క్‌టాప్‌లో ఉండే ప్రాసెసరు, మెమొరీ, గ్రాఫిక్స్ కార్డు, డిస్కులు, మానిటరు ఇందులోనూ ఉంటాయి. వాటి పాళ్ళు మాత్రమే వేరు. ఉత్తరాలు రాసుకోవడానికి, లెక్కలు చూసుకోవడానికి చక్కగా సరిపోయే యంత్రం ఒక పెళ్ళి వీడియోను కూర్చేటప్పుడు ఆగి ఆగి నడుస్తుంది. ఆటల కోసం ఎంతో ఖర్చు పెట్టి కొన్న యంత్రం కూడా రంగులను ఉన్నవి ఉన్నట్లుగా చూపలేకపోవచ్చును. మళ్ళీ తీయడానికి వీలులేని దృశ్యాలు ఇటువంటి యంత్రంలోనే భద్రమై ఉంటాయి కనుక, దీని ఎంపికలో వేగంతో పాటు నమ్మకానికి కూడా సమానమైన స్థానం ఉంది.

చరిత్ర

చలనచిత్రాల కూర్పు మొదట్లో చేతిపని. ఫిల్మును కత్తిరించి, అతికించి, 1924లో వచ్చిన మూవియోలా వంటి యంత్రాలపై చూసుకొనేవారు. వీడియో టేపులు వచ్చిన తరువాత ఒక టేపు నుండి మరొక టేపుకు దృశ్యాలను వరుసగా ఎక్కించే లీనియర్ పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఇందులో మధ్యలో ఒక దృశ్యం నిడివి మారితే దాని తరువాతి భాగమంతా మళ్ళీ ఎక్కించవలసి వచ్చేది. ఏ దృశ్యాన్నైనా ఏ క్షణంలోనైనా అందుకొనే నాన్ లీనియర్ పద్ధతికి తొలి యంత్రంగా 1971లో వచ్చిన సి.ఎం.ఎక్స్. 600ను పేర్కొంటారు. దీనిని సి.బి.ఎస్., మెమొరెక్స్ సంస్థలు కలిసి తయారు చేశాయి.

వ్యక్తిగత కంప్యూటరుపై కూర్పు 1980ల చివరలో మొదలయింది. 1989లో ఆవిడ్ సంస్థ ఆపిల్ మెకింటోష్ ఆధారంగా పనిచేసే కూర్పు వ్యవస్థను ప్రదర్శించింది. టామస్ నోల్, జాన్ నోల్ అనే సోదరులు రూపొందించిన ఫోటోషాప్‌ను 1990లో అడోబీ సంస్థ విడుదల చేసింది. 1991లో అదే సంస్థ నుండి ప్రీమియర్ వచ్చింది. 1996 నాటి 'ది ఇంగ్లీష్ పేషెంట్' కంప్యూటరుపై కూర్చబడి కూర్పుకు ఆస్కార్ బహుమతి పొందిన మొదటి చిత్రం. దాని కూర్పరి వాల్టర్ మర్చ్ 2003 నాటి 'కోల్డ్ మౌంటెన్' చిత్రాన్ని బజారులో ఎవరైనా కొనుక్కోదగిన ఫైనల్ కట్ ప్రో సాఫ్టువేరుపై కూర్చాడు.

1995లో వచ్చిన డీవీ క్యాసెట్టు, 2008లో వీడియో తీయగల డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమేరాలు ఈ పనిని చిన్న స్టూడియోల వరకు తీసుకొని వచ్చాయి. 2020లో ఆపిల్ సంస్థ తన సొంత ఎం1 చిప్పుతో కంప్యూటర్లను తేవడం మరొక మలుపు.

ఫోటో పనికి, వీడియో పనికి గల తేడా

ఈ రెండు పనులూ ఒకే యంత్రంపై చేయవచ్చును గాని, రెండూ యంత్రాన్ని ఒకే విధంగా శ్రమ పెట్టవు.

ఫోటో పనిలో ఒక్కొక్క బొమ్మ పెద్దది, కాని కదలదు. 24 మెగాపిక్సెళ్ళ ఫోటోను 16 బిట్ల లోతులో తెరిస్తే, మూడు రంగులకు కలిపి ఒక్క పొరకే 144 ఎంబీ మెమొరీ అవసరమవుతుంది. డిస్కుపై ఆ ఫైలు 30 ఎంబీయే ఉన్నా, తెరిచిన తరువాత దాని పరిమాణం ఇంతవుతుంది. పది పొరలు వేస్తే 1.4 జీబీ దాటుతుంది. చేసిన మార్పులను వెనక్కి తీసుకొనడానికి దాచే ప్రతులు దీనికి అదనం. కనుక ఫోటో పనికి ర్యామ్, ప్రాసెసరులోని ఒక్కొక్క కోర్ వేగం, సరైన రంగులు చూపే మానిటరు ముఖ్యం.

వీడియో పనిలో ఒక్కొక్క ఫ్రేము చిన్నదే, కాని ఆగకుండా వస్తూ ఉంటుంది. 1920×1080 పిక్సెళ్ళ ఫ్రేము 8 బిట్ల లోతులో దాదాపు 6.2 ఎంబీ ఉంటుంది. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున ఇది 155 ఎంబీ. 3840×2160 పిక్సెళ్ళ 4కె వీడియో అయితే సెకనుకు 622 ఎంబీ. ఇది కుదించని వీడియో లెక్క. కంప్యూటరు కుదించిన ఫైలును చదివి, ప్రతి సెకనుకూ ఇంత సమాచారాన్ని విప్పి తెరపై చూపవలసి ఉంటుంది. దృశ్యాలు రెండు మూడు పొరలుగా ఉన్నప్పుడు ఈ భారం అన్ని రెట్లు పెరుగుతుంది.

కోడెక్ ప్రభావం

వీడియోను కుదించి, మళ్ళీ విప్పే పద్ధతిని కోడెక్ అంటారు. కంప్యూటరు ఎంపికలో చాలామంది గమనించని విషయం ఇదే. 2003 నాటి హెచ్.264, 2013 నాటి హెచ్.265 పద్ధతులలో అన్ని ఫ్రేములూ పూర్తిగా నమోదు కావు. అప్పుడప్పుడు ఒక పూర్తి ఫ్రేమును ఉంచి, మిగిలిన వాటిలో ముందు వెనుక ఫ్రేములతో పోల్చినప్పుడు కనిపించే తేడాలను మాత్రమే నమోదు చేస్తారు. అందువలన ఫైలు చిన్నదవుతుంది. అయితే కూర్పరి మధ్యలో ఉన్న ఒక ఫ్రేమును చూడదలచినప్పుడు కంప్యూటరు దాని ఇరుగు పొరుగు ఫ్రేములను కూడా విప్పవలసి వస్తుంది. ఫైలు చిన్నది కనుక పని తేలిక అనుకోవడం పొరపాటు.

ఆపిల్ సంస్థ 2007లో తెచ్చిన ప్రోరెస్ వంటి కోడెక్‌లలో ప్రతి ఫ్రేమూ విడిగా ఉంటుంది. ఫైళ్ళు పెద్దవవుతాయి గాని ప్రాసెసరుకు శ్రమ తగ్గుతుంది. 1080 వీడియోను సెకనుకు 30 ఫ్రేముల చొప్పున ప్రోరెస్ 422లో ఉంచితే గంటకు సుమారు 66 జీబీ అవుతుంది. అంటే ఒక పద్ధతి ప్రాసెసరుపై, మరొక పద్ధతి డిస్కుపై భారం వేస్తుంది. కనుక కొనుగోలుదారు తన కెమేరా ఏ కోడెక్‌లో, ఎన్ని బిట్ల లోతులో నమోదు చేస్తుందో ముందుగా తెలుసుకొనవలెను.

ముఖ్య భాగాలు

ప్రాసెసరు

ఫోటోషాప్‌లోని చాలా పనులు ఒకటి రెండు కోర్‌లపైనే ఆధారపడతాయి కనుక అక్కడ కోర్‌ల సంఖ్య కంటే ఒక్కొక్క కోర్ వేగం ముఖ్యం. వందలాది రా ఫోటోలను ఒకేసారి జేపెగ్‌లుగా మార్చడం, వీడియోను చివరిగా రెండరు చేయడం వంటి పనులలో ఎక్కువ కోర్‌లు ఉపయోగపడతాయి. సాధారణ ఫోటో పనికి 6 కోర్‌లు, 4కె వీడియోకు 8 లేదా అంతకు మించిన కోర్‌లు ఉన్నవి తగినవి.

ఇంటెల్ ప్రాసెసర్లలో 2011 నుండి క్విక్ సింక్ అనే ప్రత్యేక భాగం ఉంటున్నది. వీడియోను విప్పడం, కుదించడం దీని పని. ఇది ప్రాసెసరులోని గ్రాఫిక్స్ విభాగంలో ఉంటుంది. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర 'ఎఫ్' అనే అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ విభాగం పనిచేయదు; క్విక్ సింక్ కూడా ఉండదు. ధర కొంత తక్కువని అటువంటి దానిని కొన్నవారు ఈ సౌకర్యాన్ని కోల్పోతారు. అనేక కొత్త కెమేరాలు నమోదు చేసే 10 బిట్ల 4:2:2 హెచ్.265 వీడియోను ఇంటెల్ 11వ తరం మొదలుకొని వచ్చిన గ్రాఫిక్స్ విభాగాలు నేరుగా విప్పగలవు. ఎన్‌విడియా కార్డులలో ఈ సౌకర్యం 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 శ్రేణితో మొదలయింది. ఇది లేని యంత్రంలో భారమంతా ప్రాసెసరు కోర్‌లపై పడి, ఖరీదైన యంత్రం కూడా తడబడుతుంది.

మెమొరీ

ర్యామ్ చాలనప్పుడు కంప్యూటరు డిస్కులో కొంత భాగాన్ని ర్యామ్ వలె వాడుకొంటుంది. ఎంత వేగవంతమైన డిస్కు అయినా ర్యామ్‌తో సమానం కాదు కనుక అప్పుడు పని ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. ఫోటో పనికి 16 జీబీ కనీసం. 32 జీబీ సౌకర్యం. 4కె వీడియోకు 32 జీబీ, పలు కెమేరాల కూర్పుకు, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వంటి వాటికి 64 జీబీ తగినది. ఒకే పెద్ద ర్యామ్ పలకకు బదులు సమానమైన రెండు పలకలు వేస్తే ప్రాసెసరుకు సమాచారం రెండు దారులలో అందుతుంది. మదర్‌బోర్డుపై నాలుగు గూళ్ళు ఉంటే తరువాత పెంచుకొనడానికి వీలుంటుంది. మెమొరీ ధరలు స్థిరంగా ఉండవు. 2025 చివరి నెలలలో ఇవి ప్రపంచమంతటా బాగా పెరిగాయి.

గ్రాఫిక్స్ కార్డు

రంగుల దిద్దుబాటు, మసక చేయడం, వీడియోలోని గరుకుదనాన్ని తగ్గించడం వంటి పనులను గ్రాఫిక్స్ కార్డు ప్రాసెసరు కంటే ఎన్నో రెట్లు వేగంగా చేస్తుంది. డావిన్సీ రిజాల్వ్ సాఫ్టువేరు దీనిపై ఎక్కువగా ఆధారపడుతుంది. ఫోటోషాప్‌కు మధ్యరకం కార్డు చాలును. అయితే 2023లో లైట్‌రూమ్‌కు చేరిన కృత్రిమ మేధ ఆధారిత డీనాయిస్ వంటి పనులలో కార్డును బట్టి ఒక ఫోటోకు పట్టే సమయం సెకన్ల నుండి నిమిషాల వరకు మారుతుంది.

కార్డులోని సొంత మెమొరీని వీర్యామ్ అంటారు. 4కె వీడియోకు ఇది కనీసం 8 జీబీ ఉండవలెను. వీర్యామ్ చాలకపోతే కొన్ని సాఫ్టువేర్లు నెమ్మదించడంతో ఆగక, పనిని మధ్యలోనే ఆపివేస్తాయి. ఆటలలో ఎక్కువ ఫ్రేములు చూపే కార్డు ఎడిటింగులోనూ అదే నిష్పత్తిలో మెరుగని భావించరాదు.

నిల్వ

డిస్కులు మూడు రకాలు. తిరిగే పలకలుండే హార్డ్ డిస్కు సెకనుకు 150 నుండి 250 ఎంబీ వరకు, సాటా ఎస్.ఎస్.డి. సుమారు 550 ఎంబీ, పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 ఎన్‌విఎంఇ ఎస్.ఎస్.డి. దాదాపు 7,000 ఎంబీ వరకు చదువుతాయి. వీటిని మూడు పనులకు విడదీసి వాడడం మంచి పద్ధతి:

* ఆపరేటింగు సిస్టము, సాఫ్టువేర్లకు ఒక ఎన్‌విఎంఇ డిస్కు.
* ప్రస్తుతం నడుస్తున్న పనికి, తాత్కాలిక ఫైళ్ళకు మరొక ఎన్‌విఎంఇ డిస్కు.
* పూర్తయిన పనులను దాచడానికి పెద్ద హార్డ్ డిస్కులు. ఒక్కొక్క జీబీకి అయ్యే ఖర్చు వీటిలో తక్కువ.

విద్యుత్తు లేకుండా ఏళ్ళ తరబడి పెట్టెలో ఉంచడానికి ఎస్.ఎస్.డి. తగినది కాదు. దీర్ఘకాలం దాచే ప్రతులకు హార్డ్ డిస్కే మేలు.

నిల్వ ఎంత కావాలన్నది లెక్క వేసి నిర్ణయించవలసిన విషయం. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున నమోదు చేసే కెమేరా గంటకు 45 జీబీ వాడుతుంది. మూడు కెమేరాలు ఎనిమిదేసి గంటలు నడిచిన పెళ్ళిలో వీడియో 1,080 జీబీ అవుతుంది. ఒక్కొక్కటి 30 ఎంబీ ఉన్న 4,000 ఫోటోలు దీనికి మరో 120 జీబీ కలుపుతాయి. అంటే ఒక్క పెళ్ళికి సుమారు 1.2 టీబీ. రెండు ప్రతులు ఉంచితే 2.4 టీబీ. ఈ 1,080 జీబీని సెకనుకు 35 ఎంబీ మాత్రమే ఇచ్చే పాత యూఎస్‌బి 2.0 కార్డు రీడరుతో ఎక్కిస్తే ఎనిమిదిన్నర గంటలు, సెకనుకు 90 ఎంబీ ఇచ్చే రీడరుతో ఎక్కిస్తే మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. ఎంత విలువైన కంప్యూటరు అయినా చౌక కార్డు రీడరు దగ్గర ఆగిపోతుంది.

మానిటరు

కూర్పరి నిర్ణయాలన్నీ మానిటరుపై కనిపించే దానిని బట్టే జరుగుతాయి. అది తప్పు చూపితే దిద్దుబాటు కూడా తప్పుతుంది. ఏ కోణం నుండి చూసినా రంగు పెద్దగా మారని ఐ.పి.ఎస్. రకం పలక ఈ పనికి అనువైనది. 1996లో రూపొందిన ఎస్‌ఆర్‌జీబీ రంగుల పరిధిని పూర్తిగా చూపడం కనీస అర్హత. ఇంటర్నెట్టులో ఉంచే బొమ్మలకు, చాలా ఫోటో ల్యాబులలో ముద్రణకు ఇదే ప్రమాణం. సినిమా థియేటర్ల కోసం పనిచేసేవారికి డీసీఐ పీ3, ఉన్నత స్థాయి ముద్రణకు అడోబీ ఆర్‌జీబీ పరిధులు అవసరమవుతాయి.

8 బిట్ల మానిటరు ఒక్కొక్క రంగులో 256 ఛాయలను, 10 బిట్లది 1,024 ఛాయలను చూపుతుంది. సూర్యాస్తమయపు ఆకాశం వంటి దృశ్యాలలో 8 బిట్ల తెరపై చారలు కనిపించవచ్చును. పరిమాణం విషయంలో 27 అంగుళాల 2560×1440 తెరలో అంగుళానికి సుమారు 109 పిక్సెళ్ళు, అదే పరిమాణపు 4కె తెరలో 163 పిక్సెళ్ళు ఉంటాయి.

కొత్త మానిటరు కూడా మొదటి రోజు నుండే సరైన రంగులు చూపుతుందని చెప్పలేము. రంగులను కొలిచే కలరీమీటరు అనే చిన్న పరికరంతో దీనిని సరిచేయడాన్ని క్యాలిబ్రేషన్ అంటారు. తెలుపును 6500 కెల్విన్ వద్ద, కాంతిని చదరపు మీటరుకు 100 నుండి 120 క్యాండెలాల మధ్య ఉంచడం ఫోటో పనిలో వాడుక. కంప్యూటరులో చక్కగా కనిపించిన ఆల్బమ్ ల్యాబు నుండి నల్లబడి వచ్చిందనే ఫిర్యాదుకు సాధారణ కారణం ముద్రణాలోపం కాదు. మానిటరు కాంతి మితిమీరి ఉండడం. కాంతి ఎక్కువైన తెరపై చూస్తూ దిద్దినవారు బొమ్మను అవసరానికి మించి ముదురు చేస్తారు.

పవర్ సప్లై, క్యాబినెట్

రెండరింగులో యంత్రం గంటల తరబడి పూర్తి శక్తితో నడుస్తుంది. ప్రాసెసరుకు 125 వాట్లు, కార్డుకు 200 వాట్లు, మిగిలిన భాగాలకు 75 వాట్లు అనుకొంటే మొత్తం 400 వాట్లు. ఇటువంటి యంత్రానికి నాణ్యమైన 600 లేదా 650 వాట్ల పవర్ సప్లై తగినది. ఇది నాసిరకమైతే తాను చెడిపోవడమే కాక మిగిలిన భాగాలను కూడా చెడగొట్టవచ్చును.

ఆపరేటింగు సిస్టము, సాఫ్టువేర్లు

సాఫ్టువేరును నిర్ణయించుకొన్న తరువాతనే కంప్యూటరును ఎంచుకొనడం సరైన క్రమం. ఫైనల్ కట్ ప్రో ఆపిల్ యంత్రాలపై మాత్రమే నడుస్తుంది. భారతదేశంలోని పెళ్ళి వీడియో స్టూడియోలలో బాగా వాడుకలో ఉన్న ఎడియస్ విండోస్‌పై మాత్రమే నడుస్తుంది. ఫోటోషాప్, లైట్‌రూమ్, ప్రీమియర్ రెండింటిపైనా నడుస్తాయి, లినక్స్‌పై నడవవు. అడోబీ సంస్థ 2013 నుండి తన సాఫ్టువేర్లను చందా పద్ధతికి మార్చింది కనుక ఏటేటా కట్టవలసిన సొమ్మును కూడా ఖర్చులో చేర్చుకొనవలెను.

బ్లాక్‌మ్యాజిక్ సంస్థ డావిన్సీ రిజాల్వ్‌ను మూడు ఆపరేటింగు సిస్టములకూ ఇస్తున్నది. దీని ఉచిత ప్రతితో 3840×2160 వరకు వీడియోలను తయారుచేయవచ్చును. అయితే లినక్స్‌పై ఉచిత ప్రతి హెచ్.264, హెచ్.265 ఫైళ్ళను తెరవదు. స్వేచ్ఛా సాఫ్టువేర్లలో ఫోటోలకు గింప్, డార్క్‌టేబుల్, రాథెరపీ, వీడియోలకు కెడెన్‌లైవ్, షాట్‌కట్ ముఖ్యమైనవి. విద్యార్థులు ఖర్చు లేకుండా పని నేర్చుకొనడానికి ఇవి ఉపయోగపడతాయి.

ఆపిల్ సొంత చిప్పులు గల కంప్యూటర్లలో ప్రాసెసరు, గ్రాఫిక్స్ ఒకే మెమొరీని పంచుకొంటాయి. వీడియోను విప్పే భాగం శక్తివంతమైనది, విద్యుత్తు వాడకం తక్కువ. అయితే మెమొరీని తరువాత పెంచుకొనే వీలు లేదు. కొన్ననాడు ఎంత తీసుకొంటే చివరి వరకు అంతే. విడిభాగాలతో అమర్చుకొన్న విండోస్ యంత్రంలో అవసరాన్ని బట్టి ఒక్కొక్క భాగాన్ని మార్చుకొనవచ్చును.

ప్రతులు దాచుట

ఛాయాచిత్రకారుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఈ రంగంలో ప్రమాణంగా నిలిచింది. ప్రతి ఫైలుకు మూడు ప్రతులు ఉండవలెను. అవి రెండు వేర్వేరు రకాల సాధనాలపై ఉండవలెను. వాటిలో ఒకటి మరొక చోట ఉండవలెను. ఒకే గదిలోని రెండు డిస్కులు దొంగతనంలోనో, అగ్నిప్రమాదంలోనో, వరదలోనో కలిసే పోతాయి.

రెండు డిస్కులలో ఒకేసారి రాసే రెయిడ్ పద్ధతిని కొందరు బ్యాకప్‌గా భావిస్తారు. ఒక డిస్కు చెడిపోతే రెయిడ్ ఆదుకొంటుంది. పొరపాటున ఫైలును తుడిచివేస్తే మాత్రం రెండింటిలోనూ ఒకేసారి తుడిచిపోతుంది. 1998లో పిక్సార్ స్టూడియోలో 'టాయ్ స్టోరీ 2' చిత్రపు ఫైళ్ళు ఒక ఆదేశం వలన చాలావరకు తుడిచిపోయాయి. బ్యాకప్ ఉన్నదనే అందరూ అనుకొన్నారు. తీరా చూస్తే అది సరిగా పనిచేయడం లేదు. పసిబిడ్డ కారణంగా ఇంటి నుండి పనిచేస్తున్న సాంకేతిక దర్శకురాలు గాలిన్ సుస్మన్ ఇంటి కంప్యూటరులో ఉన్న ప్రతి ఆ చిత్రాన్ని కాపాడింది. బ్యాకప్ చేయడమే కాక, దాని నుండి ఫైళ్ళు తిరిగి వస్తున్నాయో లేదో అప్పుడప్పుడు పరీక్షించడం కూడా అవసరమని ఈ సంఘటన తెలియజేస్తుంది.

మెమొరీ కార్డులోని దృశ్యాలు రెండు చోట్లకు చేరి, తెరిచి చూసిన తరువాతనే కార్డును ఖాళీ చేయవలెను.

తెలుగు నాట ప్రత్యేక అవసరాలు

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో ఎడిటింగు కంప్యూటర్లు ఎక్కువగా వాడేది పెళ్ళిళ్ళ ఫోటో, వీడియో స్టూడియోలు. ఆల్బమ్ తయారీలో 12×36 అంగుళాల జంట పుట బాగా వాడుకలో ఉన్న కొలత. అంగుళానికి 300 చుక్కల చొప్పున ఇది 3600×10800 పిక్సెళ్ళు, అంటే దాదాపు 39 మెగాపిక్సెళ్ళు. 8 బిట్లలో ఒక్క పొరకు 117 ఎంబీ అవుతుంది. నేపథ్యాలు, అంచులు, ఫోటోలు కలిపి ఇరవై పొరలుండే పుట 2 జీబీ దాటవచ్చును. 8 జీబీ ర్యామ్ గల కంప్యూటరులో ఇటువంటి పుటలు రెండు మూడు తెరవగానే యంత్రం మొరాయించడానికి కారణం ఇదే.

శుభలేఖలకు, వీడియో శీర్షికలకు వాడే తెలుగు ఫాంట్లు మరొక విషయం. అను వంటి ఫాంట్లు యూనికోడ్ పద్ధతివి కావు. కొత్త కంప్యూటరులో ఆ ఫాంట్లు లేకపోతే పాత ఫైళ్ళలోని తెలుగు అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. యూనికోడ్ తెలుగును ఫోటోషాప్‌లో వాడేటప్పుడు దక్షిణాసియా లిపులకు సంబంధించిన అమరికను ఎంచుకొనకపోతే ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపిస్తాయి. యంత్రం మార్చే ముందు పాత ఫాంట్లను, టెంప్లేట్లను భద్రపరచుకొనడం అవసరం.

విద్యుత్తు అంతరాయాల వలన యూపీఎస్ తప్పనిసరి. ఇళ్ళలో సాధారణంగా వాడే 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లు మాత్రమే ఇవ్వగలదు. రెండరింగులో 400 వాట్లు వాడే యంత్రాన్ని దీనికి తగిలిస్తే, విద్యుత్తు పోయిన క్షణంలోనే యంత్రం కూడా ఆగిపోతుంది. సుమారు 600 వాట్లు ఇచ్చే 1,000 వీఏ యూపీఎస్ దీనికి తగినది. సరైన ఎర్తింగు లేని చోట యూపీఎస్ ఉన్నా భాగాలు చెడిపోయే ప్రమాదం తప్పదు. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ప్రాంతాలలో ప్రాసెసరు వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. గాలి ధారాళంగా ఆడే క్యాబినెట్, దుమ్మును ఆపే వల, మూడు నెలలకొకసారి శుభ్రం చేసే అలవాటు దీనికి విరుగుడు.

విడిభాగాలు కొనడానికి సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ తెలుగువారికి చిరకాలంగా పరిచయమున్న బజారు. చెన్నైలోని రిచీ వీధి, బెంగుళూరులోని ఎస్.పి. రోడ్డు, ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ కూడా ఇటువంటివే. ఒక్కొక్క భాగానికి విడిగా బిల్లు తీసుకొని, సీరియల్ సంఖ్య రాయించుకొనడం వలన వారంటీ విషయంలో చిక్కులు రావు.

ఎంపిక క్రమం

పెద్ద చెరువుకు చిన్న తూము ఉంటే పొలానికి అందేది ఆ తూములో పట్టే నీరే. ఎడిటింగు కంప్యూటరులో కూడా మొత్తం వేగాన్ని నిర్ణయించేది అన్నింటికంటే నెమ్మదైన భాగమే. కనుక డబ్బంతా ఒకే భాగంపై పెట్టకుండా ఈ క్రమాన్ని పాటించవచ్చును:

# చేసే పని ఏమిటో, ఏ సాఫ్టువేరులోనో నిర్ణయించుకొనుట.
# కెమేరా ఇచ్చే ఫైళ్ళ కోడెక్, పరిమాణం తెలుసుకొనుట.
# ఏడాదికి కావలసిన నిల్వను, దాని రెండవ, మూడవ ప్రతులను లెక్కించుట.
# మానిటరుకు, యూపీఎస్‌కు, బ్యాకప్ డిస్కులకు ముందుగా డబ్బు పక్కన పెట్టుట.
# మిగిలిన దానిలో ప్రాసెసరు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డులను సమతూకంగా ఎంచుకొనుట.
# వీలైతే సొంత ఫైళ్ళను దుకాణానికి తీసుకొని వెళ్ళి నడిపి చూచుట.

పాత కంప్యూటరును మెరుగుపరచుట

కొత్త యంత్రం కొనే ముందు ఉన్నదానిలో లోపం ఎక్కడుందో గమనించవలెను. విండోస్‌లోని టాస్క్ మేనేజరును తెరిచి ఉంచి పని చేస్తే ప్రాసెసరు, మెమొరీ, డిస్కు, గ్రాఫిక్స్ కార్డులలో ఏది నిండిపోతున్నదో కనిపిస్తుంది. మెమొరీ నిండిపోతే ర్యామ్ పెంచడం, డిస్కు నిండుగా పనిచేస్తూ ఉంటే హార్డ్ డిస్కుకు బదులు ఎస్.ఎస్.డి. వేయడం తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితాన్ని ఇస్తాయి.

ప్రాక్సీ పద్ధతి మరొక ఉపాయం. అసలు వీడియోలకు తక్కువ పరిమాణపు నకళ్ళు తయారుచేసి, వాటితో కూర్పు ముగించి, చివరి రెండరింగులో మాత్రం అసలు ఫైళ్ళను వాడతారు. ప్రీమియర్, రిజాల్వ్, ఫైనల్ కట్ ప్రో, కెడెన్‌లైవ్ అన్నింటిలోనూ ఈ సౌకర్యం ఉంది. దీనితో కొన్నేళ్ళ నాటి కంప్యూటరుపై కూడా 4కె వీడియోను కూర్చవచ్చును.

వాడిన కంప్యూటరు కొనేవారు గమనించవలసిన మరొక విషయం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా భాగం, ఇంటెల్ 8వ తరం లేదా రైజెన్ 2000 శ్రేణి, అంతకు తరువాతి ప్రాసెసరు అవసరం. అంతకు ముందు తరాలవి ఎంత చవకగా వచ్చినా ఆలోచించి కొనవలెను.

యంత్రం కొత్తదైనంత మాత్రాన పని గొప్పది కాదు. 2019లో వచ్చి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పొందిన కొరియా చిత్రం 'పారసైట్'ను ఆపిల్ సంస్థ ఎప్పుడో నిలిపివేసిన ఫైనల్ కట్ ప్రో 7పై కూర్చారు. కూర్పరికి అలవాటైన, ఆగకుండా నడిచే, దాచిన దానిని పోగొట్టని యంత్రమే మంచి ఎడిటింగు కంప్యూటరు.

ఇవి కూడా చూడండి

* కంప్యూటరు
* డిజిటల్ కెమేరా
* ఫోటోషాప్
* గింప్
* హార్డ్ డిస్కు
* యూనికోడ్